ఎక్స్‌కోడ్ పసుపు హెచ్చరిక పీడ వదిలింది

మా ఐఫోన్ యాప్ ప్రాజెక్ట్‌ను ఎక్స్‌కోడ్‌లో (ఆపిల్ పరికరాలకు యాప్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) తెరిచిన ప్రతిసారీ ‘సిఫారసు చేసిన సెట్టింగులకు మారండి’ అంటూ కనిపించే పసుపు హెచ్చరిక ఈ రోజు ఆగింది. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మా ప్రాజెక్ట్ ఫైలును ఎవరూ చేత్తో దిద్దరు. మేము సెట్టింగులు రాసుకునే ప్రాజెక్ట్.వైఎంఎల్ చదివి, ఎక్స్‌కోడ్‌జెన్ అనే సాధనం ఆ ప్రాజెక్ట్ ఫైలును మళ్లీ మళ్లీ తయారు చేస్తుంది. అందుకే ఎక్స్‌కోడ్ అడిగిన మార్పులకు ఒప్పుకున్నా, మరోసారి తయారు చేయగానే అవన్నీ పోయి హెచ్చరిక తిరిగి వస్తుంది.

ఈ ఒక్క సంగతి మా టీమ్‌లీడ్‌కు తలకెక్కలేదు. ఉదయం సమావేశంలో అందరి ముందూ, “ఒక్క బటన్ నొక్కడానికి ఇంత బద్ధకమా?” అన్నారు. నేను కారణం చెబుతుండగానే తన కంప్యూటర్‌లో తానే నొక్కారు. జాబితాలో ఏముందో చదవలేదు. యూజర్ స్క్రిప్ట్ శాండ్‌బాక్సింగ్ (యాప్ తయారయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులు అనుమతి లేని ఫైళ్లను ముట్టుకోకుండా అడ్డుకునే సెట్టింగు) ఆన్ అయింది. బయటి లైబ్రరీలను తెచ్చే కోకోపాడ్స్ అనే సాధనానికి, ఫ్రేమ్‌వర్క్‌లను యాప్‌లోకి చేర్చే స్క్రిప్టు ఒకటి ఉంటుంది; అందులో ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కు అనుమతి లేదంటూ బిల్డ్ (కోడ్‌ను యాప్‌గా మార్చే పని) ఆగిపోయింది. ఆ నింద కూడా నా మీదే పడింది! జూనియర్లు చూస్తుండగా, చేయని తప్పుకు సంజాయిషీ చెప్పుకోవడం ఎంత అవమానమో పడ్డవారికే తెలుస్తుంది. చదవకుండా ‘సరే’ నొక్కడం చురుకుదనం కాదు, బాధ్యతారాహిత్యం.

అసలు కిటుకు ప్రాజెక్ట్ ఫైలులోని లాస్ట్‌అప్‌గ్రేడ్‌చెక్ అనే విలువలో ఉంది. అది వాడుతున్న ఎక్స్‌కోడ్ కంటే పాత వెర్షన్‌ను సూచిస్తే హెచ్చరిక వస్తుంది. మాకు 1430 అని పడుతోంది, అంటే 14.3. ప్రాజెక్ట్.వైఎంఎల్‌లో ఆప్షన్స్ కింద ఎక్స్‌కోడ్‌వెర్షన్‌కు "16.0" అని ఇచ్చాను. ఫైలులో 1600 పడింది, మా ప్రాజెక్ట్ నోరు మూసుకుంది.

కోకోపాడ్స్ తయారు చేసే పాడ్స్ ప్రాజెక్ట్ మాత్రం వేరు. దానికి కోకోపాడ్స్ సెట్టింగుల ఫైలైన పాడ్‌ఫైల్‌లో, ఇన్‌స్టాల్ చివర్లో నడిచే పోస్ట్_ఇన్‌స్టాల్ భాగంలో, పాడ్స్ ప్రాజెక్ట్ రూట్ ఆబ్జెక్ట్ లక్షణాల్లో అదే విలువ రాయాలి.

అయితే నంబరు మార్చే ముందు ఎక్స్‌కోడ్ చూపే జాబితాను పూర్తిగా చదవండి. పనికొచ్చే సెట్టింగులను ప్రాజెక్ట్.వైఎంఎల్‌లోనే రాసుకోండి. శాండ్‌బాక్సింగ్‌ను నేను అక్కడే ‘నో’ అని రాసి, కారణం పక్కనే వ్యాఖ్యగా పెట్టాను. ఈసారి ఎవరైనా అడిగితే ఆ వరుస చూపిస్తాను.