ఇంటి పన్ను విచారణకు వెళ్లొచ్చాను

అమ్మ పేరు మీదున్న ఇంటికి పన్ను తప్పుగా వేశారని మునిసిపాలిటీలో పెట్టిన రివిజన్ పిటిషన్ ఈరోజు విచారణకొచ్చింది. పొద్దున పదిన్నరకు రమ్మన్నారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే కూడా అమ్మ, "ఎందుకే ఆఫీసుల చుట్టూ తిరగడం, వాళ్లడిగింది కట్టేస్తే పోలా" అంటూనే ఉంది. ఆవిడకి ప్రభుత్వ కాగితం అంటే కట్టాల్సిందే, అడగకూడనిదే. నాకు ఈ మాట ఎప్పుడూ మింగుడు పడదు. పన్ను కట్టనని ఎవరన్నారు, లేని గదికి ఎందుకు కట్టాలి అన్నదే కదా నా ప్రశ్న.

మా ఇల్లు నాన్న 1980లలో కట్టించిన డాబా. మేడ మీద నాలుగు ఇనుప పైపులు పాతి రేకులు వేశాం, వానాకాలం బట్టలు ఆరేసుకోడానికి, గోడలు కూడా లేవు. రికార్డులో అది ఆర్‌సీసీ మొదటి అంతస్తు! ఇక వీధివైపు గదిని ఒకప్పుడు టైలర్‌కి అద్దెకిచ్చాం, అతను ఖాళీ చేసి వెళ్లిపోయి చాలా కాలమైంది, మోకాళ్ల నొప్పులొచ్చాక అమ్మ మంచం ఆ గదిలోకే మార్చాం. అదింకా నివాసేతరం అనే ఉంది. అంటే అమ్మ నిద్రపోయే గదికి షాపు పన్ను.

ఈ తేడా చిన్నదేం కాదు. ఆంధ్రలో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ లెక్క తీసేసి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. స్థలానికి రిజిస్ట్రేషన్ విలువ, దానికి తోడు కట్టడం విలువ, అందులోంచి ఇల్లు ఎంత పాతదో చూసి కొంత తరుగుదల. వచ్చిన మొత్తం మీద నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతరానికైతే 0.20 నుంచి 2 శాతం దాకా. కప్పు ఆర్‌సీసీనా, మద్రాసు టెర్రస్సా, పెంకులా, రేకులా అన్నదాన్ని బట్టి కట్టడం విలువ మారిపోతుంది. కాబట్టి రేకుల్ని శ్లాబు అని రాస్తే పన్ను మొత్తం మారిపోయినట్టే.

ఒక్కసారిగా భారం పడకూడదని ఏడాదికి 15 శాతానికి మించి పెంచకుండా హద్దు పెట్టారు. మంచి ఏర్పాటే, కాదనను. కానీ దానివల్లే తప్పు బయటపడదు. పన్ను మెల్లగా పెరుగుతుంటుంది, అందరికీ పెరిగింది మనకీ పెరిగింది అనుకుని కట్టేస్తాం. నూరు రూపాయలు అలా నాలుగుసార్లు పెరిగితే దాదాపు 175 అవుతుంది. ఆ పెరుగుదల ఎక్కడ ఆగాలన్నది మూలధన విలువను బట్టి ఉంటుంది, ఆ విలువే తప్పైతే ఆగాల్సిన చోట ఆగదు. అందుకే బిల్లులో మొత్తం ఒక్కటే చూసి ఊరుకోకుండా, ఏ అంతస్తు, ఎంత విస్తీర్ణం, ఏ రకం కప్పు, ఎవరుంటున్నారు అనే గడులన్నీ చదవాలని నేను కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను.

విచారణ అంటే పెద్దగా ఏం లేదు. బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు, ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావట్లేదు, నా ముందు ఒక పెద్దాయన ఖాళీ స్థలం పన్ను గురించి వాదిస్తున్నారు. నా వంతు రాగానే మేడ మీద నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, కరెంటు బిల్లు టేబుల్ మీద పెట్టాను. షాపు మీటరు ఎప్పుడో తీయించేశాం, ఇప్పుడు ఇల్లంతటికీ ఒకటే మీటరు, బిల్లు మీద కేటగిరీ 1 అని స్పష్టంగా ఉంది, కేటగిరీ 2 అయితే కదా వ్యాపారం. విచారణ చేస్తున్న అధికారి ఆ బిల్లు చూసి, "ఇది పనికొస్తుంది మేడమ్, జిరాక్సు ఇవ్వండి" అన్నారు. ఎన్ని మాటలు చెప్పినా కదలనిది ఆ ఒక్క కాగితంతో కదిలింది. బాకీ ఉంటే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది కాబట్టి ఈ అర్ధ సంవత్సరం పన్ను ముందే కట్టేసి రసీదు కూడా జత చేశాను. తగ్గితే వచ్చే బిల్లుల్లో సర్దుతామన్నారు.

మధ్యాహ్నం మునిసిపాలిటీ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) గారు కొలతలకు వచ్చారు. వస్తారో రారో అని టెన్షన్ పడ్డాను గానీ చెప్పిన టైముకే వచ్చారు. మేడెక్కి రేకులు చూసి, కింద ముందు గదిలో అమ్మ మంచం, మందుల డబ్బా చూసి, "అమ్మగారూ, మీరిక్కడే పడుకుంటారా" అని అడిగారు. అమ్మ "మెట్లెక్కలేను బాబూ, ఎక్కడ పడుకోను మరి" అంది. ఆయన ఫొటో తీసుకుని రాసుకున్నారు. ఆర్డరు ఇంకా రాలేదు, కమిషనర్ సంతకం అయ్యాక నోటీసు ఇస్తారట. అయినా రికార్డు రాసే మనిషి ఇంటికొచ్చి కళ్లతో చూశాడు, నాకది చాలా పెద్ద విషయం.

ఆయన వెళ్లగానే ఎదురింటి పిన్నిగారు తన బిల్లు పట్టుకొచ్చారు. ఒంటరి మనిషి, ఒక గది, వంటగది, చిన్న వరండా, అంతే. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలే పన్ను అన్నది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ కాగితంలో విస్తీర్ణం 410 అని ఉంది. టేపు పట్టుకెళ్లి ఇద్దరం కొలిచాం, గోడల బయట నుంచి కొలిచినా 360 దాటలేదు. అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని అంకెలు రాసింది. పిటిషన్ రేపు పొద్దున రాస్తాను, పాత రసీదులు, ఆధార్ జిరాక్సు తీసి ఉంచమని పిన్నిగారికి చెప్పొచ్చాను.