వెతికితే దొరకని మొరవ

మా నాన్న మదనపల్లె దగ్గర తెలుగు మాస్టారుగా పనిచేసి 2003లో రిటైరయ్యారు. ఆ తర్వాత ఆరేళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ చెరువులన్నీ తిరిగారు. బస్సు పోయే ఊరికి బస్సులో, పోని ఊరికి సైకిలు మీద. ఏ చెరువుకు ఎన్ని తూములు, కట్ట ఎవరు వేయించారు, నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే మొరవ ఎటు పారుతుంది, ఆ నీళ్ళు కింద ఏ చెరువులో కలుస్తాయి, ఇవన్నీ పెద్దవాళ్ళను అడిగి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. డీటీపీ సెంటర్ నడిపే పాత శిష్యుడి దగ్గర టైపింగ్ నేర్చుకుని, అదంతా తనే కంప్యూటర్లోకి ఎక్కించారు. మొత్తం 61 ఫైళ్ళు. అమ్మ పోయాక నాన్న బెంగళూరు వచ్చి కె.ఆర్. పురంలో మా దగ్గరే ఉంటున్నారు. 2015లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఆ చెరువులు కూడా ఆయన వెంటే వచ్చాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నాన్న తన పెన్షన్ చూసుకునేది నెట్ బ్యాంకింగ్‌లో. అప్‌డేట్లు లేని మెషిన్‌లో ఆయన బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతుంటే నాకు టెన్షన్. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ప్రాసెసర్ ఎనిమిదో తరంది కానీ ఆ తర్వాతిది కానీ కావాలి. నాన్నది ఐదో తరం ఐ3. ఏడాది పాటు గడువు పొడిగించుకునే దారి ఉంది కానీ, ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇదే ప్రశ్న. కొత్తది కొనేయమని ఇంట్లో అందరూ అన్నారు. స్క్రీన్ బాగుంది, కీలన్నీ పనిచేస్తున్నాయి, నాన్న వేళ్ళకు అలవాటైపోయింది. పాడవని వస్తువును పక్కన పడేయడం నాకు మింగుడుపడలేదు. విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని నిర్ణయించుకున్నాను. 22 సిరీస్‌కు 2029 దాకా సపోర్ట్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, పాత మెషిన్ల కోసం ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ కూడా ఉంది.

అసలు చిక్కు లైనక్స్‌తో కాదు, ఆ 61 ఫైళ్ళతో వచ్చింది.

ముందు బ్యాకప్ తీద్దామని ఒక ఫైలును నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి తెరిచాను. ఒక్క తెలుగక్షరం లేదు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో యూరప్ అక్షరాలు. నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. "అక్షరాలు యాడికి పోయినాయమ్మా?" అన్నారు. ఆ మాటకు నాకు చప్పున జవాబు తోచలేదు.

అవి ఎక్కడికీ పోలేదు. మొదటి నుంచీ అక్కడ లేవంతే. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతి జనంలోకి రాకముందు తెలుగు డీటీపీ అంతా ఇంగ్లీషు స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లతోనే నడిచింది. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంటు ఉంటేనే కంటికి తెలుగు. అక్షరం కూడా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, క్రారవడి మరో ముక్క. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు 128 స్థానాల సొంత గది ఉంది. మనం పలికే వరసలోనే హల్లు, దాని వెంట గుణింతం నిలవ ఉంటాయి. ఫాంటు మారితే రూపం మారుతుందే తప్ప అక్షరం మారదు. నాన్న వాడిన టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ అని చిన్న తాళంలాంటి పరికరం ఉండేది. అది గుచ్చితేనే టైపింగ్ పనిచేసేది. శిష్యుడు సెంటర్ మూసేశాక ఆ డాంగిల్ ఏమైందో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కష్టం ఒక పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న ఒకే ఒక్క ఫాంటు ఫైలు మీద ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది. కడుపులో ఒక్కసారి కలుక్కుమంది.

ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్క్ వేయిద్దామని శనివారం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, చిక్కపేటలో దిగి కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్.పి. రోడ్డుకు నడిచాను. నాన్న వస్తానన్నారు కానీ ఆ ఇరుకు సందుల్లో ఆయన్ను నడిపించడం నాకిష్టం లేకపోయింది. ఒక షాపులో కుర్రాడికి తెలుగు వచ్చు, కుప్పం వైపు మనిషి. 256 జీబీ ఎస్ఎస్‌డీ, సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ కలిపి రెండున్నర వేలు చెప్పాడు. "పెట్టేసి పోండక్కా, పాస్‌వర్డ్ చీటీ మీద రాసియ్యండి, రేపు సాయంత్రం రండి" అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు, రోజూ అందరూ అలాగే ఇచ్చిపోతారు కాబట్టి. నేను కుదరదన్నాను. పావుగంట పనే కదా, ఇక్కడే కూర్చుంటానన్నాను. కాదనలేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు మూత విప్పి, ఫ్యాన్‌లో పదేళ్ళ దుమ్మును బ్రష్షుతో తుడిచి, పాత డిస్క్ ఊడదీసి కొత్తది గుచ్చాడు. "పాతది ఎక్స్ఛేంజ్ ఇస్తే మూడొందలు తగ్గిస్తానక్కా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. పాత డిస్కులు, ఫోన్లు ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేసేముందు ఆగి ఆలోచించండి. హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే చెరిగేది దాని చిరునామా మాత్రమే, కొత్త డేటా పైన పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరైనా తీయగలరు. నాన్న డిస్క్‌లో పెన్షన్ కాగితాలు, ఆధార్ స్కాన్లు, అమ్మ ఆసుపత్రి రిపోర్టులు, మా భాగపరిష్కారం చిత్తు ప్రతి ఉన్నాయి. మూడొందలు వద్దని చెప్పి, పైన మరో మూడొందల యాభై పెట్టి డిస్క్‌కు ఒక కేసింగ్ కొన్నాను. ఇప్పుడది ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌గా మా బీరువాలో ఉంది.

మింట్ వేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఐఎస్ఓ, అంటే మింట్ వేసే ఫైలు, దించుకున్నాను. ఫైలు మారకుండా వచ్చిందో లేదో తెలిపే షా-256 విలువను సైటులో ఇచ్చినదానితో సరిచూసి పెన్‌డ్రైవ్‌లోకి రాశాను. పెన్‌డ్రైవ్‌ నుంచి బూట్ చేస్తే ఏదీ చెరపకుండానే మొత్తం నడిపి చూసుకోవచ్చు, అది నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. వైఫై మాత్రం రాలేదు. దాని చిప్పుకు డ్రైవర్ విడిగా వేయాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, డ్రైవర్ మేనేజర్ తనే వెతికి డ్రైవర్ వేసేసింది. ప్రింటర్ కలిపిన వెంటనే పనిచేసింది.

ఇక ఫైళ్ళు. పాత ఫాంటును యూనికోడ్‌గా మార్చే వెబ్‌సైట్లు ఉన్నాయి, పేస్ట్ చేసి బటన్ నొక్కితే చాలు. మా ఆఫీసులో ఒకరు ఇదే చెప్పారు. నేను ఒక సైటు తెరిచి, పేస్ట్ చేసిన రాత ఎక్కడికి పోతుంది, ఎంతకాలం ఉంటుంది అని కింద దాకా వెతికాను. ఒక్క ముక్క కూడా లేదు. ట్యాబ్ మూసేశాను.

"చెరువుల్లో దాచుకునేదేముందమ్మా?" అన్నారు నాన్న. ఉంది. ఏ తూము కింద ఎవరికెంత పొలం, ఏ ఇంటివాళ్ళకూ ఏ ఇంటివాళ్ళకూ నీళ్ళ దగ్గర గొడవ, ఎవరు కట్ట మీద గుడిసె వేశారు, అన్నీ పేర్లతో సహా రాసి పెట్టారాయన. ఆ ముసలివాళ్ళు మాస్టారిని నమ్మి చెప్పిన మాటలవి. అది చెప్తే ఆలోచనలో పడ్డారు. అప్పుడు పుట్టస్వామి గారి సంగతి కూడా చెప్పాను. కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి రిటైరై ఈ బెంగళూరులోనే ఉండిన కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చారు. "నాకంటే పెద్ద వయసులో పోయినాడా కోర్టుకు!" అన్నారు నాన్న. ఆ తర్వాత ఆయనే జాగ్రత్తపడ్డారు, మర్నాడు ఫోన్‌లో ఏదో ఉచిత తెలుగు కీబోర్డు వేసుకోబోయి, టైప్ చేసేదంతా ఇది సేకరించగలదన్న హెచ్చరిక చూసి నన్ను పిలిచారు.

ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటుతో ఉండేవి. ఆ రోజుల్లో పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ రాతను యూనికోడ్‌గా మార్చి చూపించేది. దాని కోడ్ అందరికీ తెరిచి ఉండేది. అలాంటిదే వెతికితే, ఓపెన్ సోర్స్ లైసెన్సుతో ఎవరో పెట్టిన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న కన్వర్టర్ దొరికింది. మన మెషిన్‌లోనే నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. నేను అకౌంట్స్ మనిషిని, ప్రోగ్రామింగ్ రాదు. అయినా కోడ్ తెరిచి చదివాను. అందులో ముప్పాతిక భాగం పట్టికే, ఎడమ పక్క పాత గుర్తు, కుడి పక్క తెలుగు అక్షరం. లెడ్జర్ చదివేవాళ్ళు దాన్ని చదవగలరు. నెట్ కేబుల్ తీసేసి, వైఫై ఆపి నడిపాను. రెండు నిమిషాల్లో మొదటి ఫైలు తెలుగైంది.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని చదువుతూ మొరవ అని వెతకమన్నారు. వెతికాను. సున్నా. ఎదురుగా మూడో లైనులో మొరవ కనిపిస్తూనే ఉంది, కంప్యూటర్ మాత్రం లేదంటోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆ మాట పక్కన కర్సర్ పెట్టి ఒక్కో బ్యాక్‌స్పేస్ కొట్టుకుంటూ పోయాను. వ పోయింది, ర పోయింది. తర్వాత మొ పోవాలి. దానికి బదులు ఒక కొమ్ము పోయింది, ఇంకో కొమ్ము పోయింది, "వె" మిగిలింది! పాత ఫాంటులో 'మ' అనే అక్షరాన్ని 'వ'కు కొమ్ము తగిలించి గీసేవారు. కన్వర్టర్ ఆ ముక్కల్ని ముక్కలుగానే మార్చింది. కంటికి మొరవే, లోపల మాత్రం వె, దాని పక్కన రెండు కొమ్ములు. 'యొక్క' కూడా అంతే. తెలుగులో ఇంటర్నెట్ నిండా ఇలాంటి మాటలు కనిపిస్తాయి, చదవడానికి బాగానే ఉంటాయి, వెతికితే దొరకవు.

ఎదురింట్లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయిని పిలిచాను. "ఆంటీ, పట్టికలో పొడుగు ముక్కలు ముందు రావాలి, లేకపోతే పొట్టివి వాటిని మింగేస్తాయి" అన్నాడు. అదే మందు. 'మొ'కు చెందిన గుర్తులన్నీ కలిపి ఒక వరసగా 'వె' కంటే పైన పెట్టాం. మిగిలిన తప్పులు పట్టడానికి నాకో ఉపాయం తట్టింది. తెలుగులో ఒక హల్లుకు రెండు గుణింతపు గుర్తులు ఉండవు. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌లో మాటకు బదులు నమూనా ఇచ్చి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆన్ చేసి, గుణింతపు గుర్తులు రెండు పక్కపక్కనే ఉన్న చోటల్లా చూపించమన్నాను. మొదటి ఫైల్లోనే నాలుగొందలకు పైగా వచ్చాయి. రోజూ రాత్రి భోజనాలయ్యాక నాన్న చదవడం, నేను పట్టికలో వరస చేర్చడం. మూడు వారాలు పట్టింది. క్రారవడి కొన్ని చోట్ల పక్క అక్షరానికి అంటుకునేది, వాటిని నాన్న కళ్ళే పట్టాయి. ఆఖరుకు మేం చేర్చిన 27 వరసల్నీ ఆ అబ్బాయి ప్రాజెక్టుకు తిరిగి పంపాడు. పదకొండు రోజులకు వాటిని కలుపుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఎవరో మాకు తెలియదు, మేమెవరో వాళ్ళకు తెలియదు. అయినా రేపు ఇంకెవరింట్లోనో ఒక మొరవ దొరుకుతుంది. ఆ రాత్రి చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

పద్నాలుగు ఫైళ్ళు పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌వి. లిబ్రేఆఫీస్ 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి వాటిని తెరుస్తోంది. పన్నెండు తెరుచుకున్నాయి. రెండు తెరుచుకోలేదు, వాటి ప్రింటు కాగితాలు నాన్న సంచిలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

ఆ రెంటినీ మళ్ళీ టైప్ చేయాలి. ఇంగ్లీషులో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి నాన్నకు ఎప్పుడూ పడలేదు. ఆయన నేర్చింది డీటీపీ వాళ్ళ ఆపిల్ కీబోర్డు, అంటే ఏ కీ కొడితే ఏ అక్షరం పడుతుందనే వరస. ఇన్‌పుట్ పద్ధతుల్లో ఐబస్, దానితో ఎం17ఎన్ ప్యాకేజీ వేశాను. తెలుగు కీబోర్డుల జాబితాలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, వాటి మధ్య ఆపిల్ కూడా ఉంది. దాన్ని ఎంచి ల్యాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాను. ఆయన కీబోర్డు వైపు చూడలేదు. చూపుడు వేళ్ళు కాసేపు గాల్లో ఆగాయి, తర్వాత దిగాయి. 'శ్రీ' పడింది. తలెత్తి నన్ను చూశారు.

నా ఆఫీసు మెషిన్ ఇప్పటికీ విండోసే. అక్కడి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వేరే దాంట్లో నడవదు, నాకు వేరే దారి లేదు. కానీ నాన్న రాసుకున్నది మాత్రం ఇప్పుడు ఏ మెషిన్‌లోనైనా, ఏ ఫాంటుతోనైనా తెరుచుకుంటుంది. 61 ఫైళ్ళలో మొరవ అని వెతికితే 214 చోట్ల వస్తోంది.

మొన్న పొద్దున వెంగయ్యన కెరె చెరువు గట్టు మీద నడిచొచ్చి, బూట్లు విప్పకుండానే అడిగారు, "పాపా, కన్నడంలో మొరవను ఏమంటారు?" పనావిడను అడిగి చెప్పాను, కోడి అంటారని. ల్యాప్‌టాప్ తెరిచి 62వ ఫైలు మొదలుపెట్టారు.