దేవరకొండ ఖిల్లా తొవ్వలో ఒక ఆదివారం

"ఆదివారం ఖాళీయేనారా? ఖిల్లా తొవ్వ సాఫ్ చేస్తున్నం, నువ్వూ రా" అని మామ ఫోన్ చేశాడు. సాఫ్ చేయడమంటే నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఏరి, ఫొటో దిగి, అత్తయ్య చేతి మటన్ కూర తిని రావడమే అనుకున్నాను. శనివారం సాయంత్రం హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సెక్కాను. ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి దాటాక మల్లేపల్లిలో బస్సు సాగర్ రోడ్డు వదిలి కుడికి తిరిగింది. దేవరకొండలో దిగేసరికి చీకటి, గుట్టల జాడే లేదు.

తెల్లారి ఆరింటికి వాకిట్లోకి వస్తే ఎదురుగా ఉన్నాయి. ఏడు గుట్టల నడుమ కట్టిన కోట ఇది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల్లో అన్న అనపోతానాయకుడు రాచకొండ నుంచి, తమ్ముడు మాదానాయకుడు ఇక్కడి నుంచి ఏలారు. పగవాడు ఎక్కలేకుండా కట్టుకున్న చోటికి ఇప్పుడు షుగర్ తగ్గడానికని మామా, ఆయన దోస్తులూ రోజూ ఎక్కుతున్నారు.

ఇరవై మందిమి తేలాం. పొద్దున నడిచే పెద్దవాళ్లు, డిగ్రీ పిల్లలు, రాతిపని చేసే ఒక వడ్డెర తాత. బ్యానర్ లేదు. నాకు అక్కడే సగం నచ్చింది.

మొదట సర్కారు తుమ్మ. గొడ్డలితో నాలుగు దెబ్బల్లో ఒక చెట్టు పడగొట్టి గొప్పగా చూశాను. "అది గుండు గీసినట్టే బిడ్డా. వానలు పడంగనే నాలుగింతలు లేస్తది" అన్నాడు తాత. మొద్దు చుట్టూ తవ్వి, గడ్డపార వేసి, వేరు దగ్గర నుంచి పెకలించాలి. ఒక్క మొద్దుకే అరగంట పట్టింది. దీని ముల్లు బూటు అడుగులోంచి కూడా దిగుతుందని ఆలోపే తెలిసొచ్చింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. నేను బాట అనుకున్నది మోకాలి లోతు గండి. "ఇది తొవ్వ గాదు, కాల్వ" అన్నాడు తాత. వాననీళ్లు బాట పట్టుకుని నేరుగా కిందికి దూకుతాయి, మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. జనం రాళ్లు తప్పించుకుని పక్కన గడ్డిలో నడుస్తారు. గడ్డి చస్తుంది, మరుసటి ఏడు అక్కడా గండే. అందుకని బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ల వరుస పాతాం. నీళ్లు దానికి తగిలి పక్క పొదల్లోకి మళ్లుతాయి. మధ్యాహ్నానికి అలాంటివి నాలుగు వేశాం.

నిట్టనిలువుగా ఉన్నచోట మెట్లు కావాలన్నారు. కూలిన గోడ రాళ్లు పైనే ఉన్నాయి, చక్కగా చెక్కినవి. "ఇవే దొర్లిద్దాం అంకుల్" అన్నాడో డిగ్రీ పిల్లాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. మామ గట్టిగా కోప్పడ్డాడు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట, పడిపోయిన రాయి కూడా కోటదే, ముట్టుకోవద్దు, సిమెంటు మాట ఎత్తొద్దు అన్నాడు. రాళ్లు కింది నుంచే మోశాం. గోనెసంచిలో పెట్టి ఇద్దరేసి.

ఒక మెట్టు నాకిచ్చారు. రాయి మూడింట రెండు వంతులు నేలలోకి పోవాలి. పైముఖం వెంట్రుకవాసి ముందుకు వాలాలి, లేదంటే నీళ్లు నిలిచి పాచి పడుతుంది. సందుల్లో మట్టి కాదు, చిన్న రాళ్లు కొట్టి బిగించాలి. అన్నీ చేశాననుకుని "తాతా, చూడు" అని పిలిచాను. ఆయన చెప్పులు విడిచి, రాయి మీద కాదు, రాయి మూల మీద నిలబడి ఇటూ అటూ ఊగాడు. 'టక్' మంది. ఏమీ అనకుండా దిగి గడ్డపార నా చేతికిచ్చాడు. మూడోసారికి గానీ ఆ చప్పుడు ఆగలేదు.

ఇళ్ల నుంచి పులిహోర, సర్వపిండి వచ్చాయి. మటన్ కూర ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాలుగింటికి గుట్ట మీది నుంచి మేకల మంద దిగింది. తుమ్మ కాయలు మేసి గింజలు ఊరంతా చల్లేది ఇవే, తాత వాటివైపు పాత పగవాడిలా చూశాడు. మంద మా తొమ్మిది మెట్లనూ వదిలేసి పక్క బండల మీదుగా దూకుతూ పోయింది. "వాటికి మెట్లెందుకు సార్" అని కాపరి నవ్వాడు. వెనకబడ్డ పిల్ల ఒకటి మాత్రం నా మెట్టు అంచున ఆగి చెవులు విదిలించింది. నేను చెవులు రిక్కించాను. టక్ మనలేదు.