డల్లాస్ నుంచి వచ్చే డబ్బుకి పన్ను ఉందా?

బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఆడిటరుగారి ఆఫీసులో పనిచేస్తున్నాను. చుట్టుపక్కల మన తెలుగువాళ్ళే ఎక్కువ. జూన్ వచ్చిందంటే నా బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉండదు. బయటి దేశం నుంచి ఖాతాలో డబ్బు పడితే పన్ను కట్టాలని, పడకపోతే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. రెండూ తప్పే. డబ్బు ఎక్కడికి వచ్చిందన్నది కాదు, అది ఎవరి సంపాదన అన్నది చూడాలి.

అనంతపురం నుంచి వచ్చి కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్న ఒక పెద్దావిడ పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. డల్లాస్‌లో ఉన్న కొడుకు నుంచి నెలనెలా పడ్డ ప్రతి ఎంట్రీ పక్కనా పెన్సిల్‌తో టిక్కు. "దీంట్లో గవర్నమెంటుకి ఎంత పోతాది మేడమ్?" అంది. "ఏమీ పోదమ్మా" అన్నాను. కన్నకొడుకు తల్లికిచ్చింది కానుక కిందే లెక్క. లక్షయినా కోటయినా ఆమెకు పన్ను లేదు. అందులోంచి ఆమె వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మాత్రం ఆమె ఆదాయమే, రిటర్నులో చూపించాలి.

పిల్లలు, తోడబుట్టినవాళ్ళు పంపితే ఏ చిక్కూ లేదు. బాబాయి మనకి పంపినా పన్ను లేదు. అదే మనం బాబాయికి పంపితే? ఏడాదిలో 50,000 దాటిందంటే మొత్తమంతా ఆయన ఆదాయంలో కలిసిపోతుంది. పిన్ని కొడుకు పంపినా అంతే, చట్టం లెక్కలో అతను బంధువు కాడు. పిల్లల్లేని బాబాయిని అన్నకొడుకు చూసుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. ఈ నియమం మార్చి తీరాలి.

ఇక రెండో తప్పు. అమెరికా కంపెనీ బెంగళూరు ఆఫీసులో చేసే ఒకబ్బాయికి ఆ కంపెనీ షేర్లున్నాయి. "డబ్బు ఇండియాకి తేలేదు కదక్కా, అక్కడే ఉంది" అన్నాడు. ఇక్కడే స్థిరంగా ఉంటున్నవాళ్ళకి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్నుంటుంది. చాలా ఏళ్ళు బయట ఉండి తిరిగొచ్చినవాళ్ళకి మాత్రం మొదట్లో కొంతకాలం వెసులుబాటు ఉంటుంది.

అతని స్టేట్‌మెంటు తెరిచి చూశాం. డివిడెండు 400 డాలర్లు. అమెరికా 25 శాతం పట్టుకుని 300 ఖాతాలో వేసింది. రిటర్నులో 300 కాదు, 400 రాయాలి. పట్టుకున్న 100కి ఫారం 67 వేస్తే ఇక్కడ కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. అతను 30 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి మిగతా తేడా కట్టాలి. రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్‌లో కనిపించే రేటు పనికిరాదు, డివిడెండు వచ్చిన నెలకి ముందు నెల ఆఖరి రోజు స్టేట్ బ్యాంక్ టీటీ బైయింగ్ రేటు (బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి.

పైసా ఆదాయం రాకపోయినా ఆ షేర్లని రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాల్సిందే. ఇక్కడ జాగ్రత్త: దీనికి ఏప్రిల్-మార్చి లెక్క కాదు, జనవరి-డిసెంబరు లెక్క. 2024-25 ఆర్థిక సంవత్సరం రిటర్నుకి 2024 డిసెంబరు వరకున్న స్టేట్‌మెంటు కావాలి. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతావన్నీ కలిపి 20 లక్షల లోపైతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా లేదు. జరిమానా లేదన్నారు గానీ, చూపించక్కర్లేదని అనలేదు. వాట్సాప్‌లో ఈ రెండూ కలిపేసి తిప్పుతున్నారు, దయచేసి నమ్మకండి.

ఇక్కణ్ణుంచి బయటికి పంపేవాళ్ళకి ఒక్క మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు టీసీఎస్ అని ముందుగానే పన్ను పట్టుకుంటుంది. విదేశీ షేర్లు కొనడానికైతే 20 శాతం. పెద్ద మొత్తమే, కానీ పోయిన డబ్బు కాదు. మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్ పట్టీ తెరిస్తే మీ పేరు మీదే కనిపిస్తుంది. రిటర్నులో మీ పన్నుకి జమ వేసుకోండి, మిగిలింది రీఫండుగా వస్తుంది.