ఉసిరి చెట్టు మొదట్లో

కార్తీకం వస్తోందంటే నాకు ఉసిరి చెట్ల మీద బెంగ పట్టుకుంటుంది. దీపం పెట్టొద్దని ఎవరంటారు! కానీ మొదలుకి ఆనించి, ఒకరు పెట్టిన చోటే ఇంకొకరు పెట్టి, ఒలికిన నూనె బెరడుకి పట్టి, అది కాస్తా అంటుకుని మాడిపోతుంటే మనం దండం పెట్టుకుని ఫోటో తీసుకుని వచ్చేస్తున్నాం. నిరుడు ఒక పార్కులో చూశాను, బెరడు అరచేతి వెడల్పున బొగ్గైపోయింది, గోరు తగిలితే రాలుతోంది. దాని మీదే మళ్లీ పసుపు, కుంకుమ బొట్లు.

యథా తరోర్మూలనిషేచనేన తృప్యంతి తత్స్కంధభుజోపశాఖాః... భాగవతం చతుర్థ స్కంధంలోని ఈ శ్లోకం చాలామందికి నోటికొచ్చినదే. వేరుకి నీళ్లు పోస్తే కొమ్మలూ రెమ్మలూ తృప్తి పడ్డట్టు, అచ్యుతుణ్ణి పూజిస్తే అందరినీ పూజించినట్టే అని. ప్రవచనాల్లో సాధారణంగా ఇక్కడితో సరిపెట్టి ముందుకెళ్లిపోతారు. నారదులవారు ఈ మాట ఎవరితో అన్నారో చూడండి. ప్రచేతసులతో!

ఆ పదిమంది అన్నదమ్ములూ పదివేల ఏళ్లు నీళ్లలో తపస్సు చేసి, స్వామి దర్శనం కూడా అయ్యాక ఒడ్డుకొచ్చి చూస్తే భూమంతా చెట్లే, ఆకాశానికి అడ్డం పడేంత ఎత్తున. అంతే, కోపం వచ్చేసింది. నోట్లోంచి గాలీ నిప్పూ వదిలి తగలబెట్టడం మొదలెట్టారు. (దర్శనమైన తర్వాత కూడా కోపం పోలేదంటే ఇక మన సంగతి చెప్పాలా!) బ్రహ్మదేవుడొచ్చి ఆపితే గానీ ఆగలేదు. మిగిలిన చెట్లు భయపడి, తాము పెంచుకున్న మారిష అనే పిల్లని వాళ్లకిచ్చి పెళ్లి చేశాయి. కన్నతల్లి వదిలేసి వెళ్తే, ఆకలికి ఏడుస్తున్న ఆ పసిదాని నోట్లో చంద్రుడు అమృతం కారే చూపుడు వేలు పెట్టాడట. అలాంటి పిల్లని తీసుకెళ్లి, తమని కాల్చినవాళ్ల చేతిలోనే పెట్టాయి చెట్లు. అంటే ప్రచేతసులు చెట్లకి అల్లుళ్లు.

చాలా కాలానికి, భార్యని కొడుక్కి అప్పగించి పడమటి సముద్రతీరం చేరిన ఆ అల్లుళ్లకి నారదులవారు భక్తి గురించి చెబుతూ చెట్టు మొదట్లో నీళ్లు పోసినట్టు అన్నారు. ఇంకే పోలికా దొరక్కనా? ఒక్క మాట దెప్పలేదు, పాత సంగతి ఎత్తలేదు. నిప్పు వదిలినవాళ్లకి నీళ్లు పోయడం చెప్పారు, అంతే. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి నాకు కళ్లు తడుస్తాయి.

రిటైరయ్యాక నా వ్యాపకం పాత గుళ్ల వెంట తిరగడం, అక్కడే ఎక్కడో కూర్చుని పెన్సిల్‌తో గీసుకోవడం. కీసరగుట్టకి పొద్దున్నే వెళ్తాను. ఆరుబయట చెల్లాచెదురుగా పడున్న శివలింగాలు, ఆంజనేయస్వామి అలిగి విసిరేసినవంటారు. విష్ణుకుండిన రాజుల నాటి కట్టడాలు తవ్వకాల్లో బయటపడ్డ చోటు కూడా అదే. కార్తీక సోమవారాల్లో మాత్రం కూర్చోవడానికి జాగా ఉండదు, జనం. చెట్టుని గీసేటప్పుడు నా చూపు ముందు మొదలు మీదే ఆగుతుంది. బెరడు పగుళ్లు, వాటి సందుల్లో చీమల బారు. ఆకులు తయారుచేసిన తిండి వేళ్లకి దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ కాలిపోతే వేరు పస్తుంటుంది, చెట్టు మెల్లగా ఎండిపోతుంది. మనం దీపం పెట్టేదీ సరిగ్గా అక్కడే.

క్షీరాబ్ది ద్వాదశికి ఇంకో తంతు. తులసికోటలో గుచ్చడానికి ఉసిరి కొమ్మ కావాలి, నిజమే, మా ఇంట్లోనూ పెడతాం. ఒక రెమ్మ చాలదా? కాయలతో సహా పెద్ద కొమ్మ విరిస్తేనే కల్యాణం జరుగుతుందా? మర్నాటికల్లా ఆ కొమ్మలన్నీ చెత్త బండిలో కనిపిస్తాయి.

అమ్మలూ, అయ్యలూ, ఈ ఏడు వనభోజనాలకి వెళ్లేవాళ్లు దయచేసి వినండి. దీపం చెట్టుకి నాలుగు అడుగుల దూరంలో, మట్టి ప్రమిదలో, కింద పళ్లెం ఉంచి పెట్టండి. ఉసిరికాయ పైన గుంటగా చెక్కి, నేతిలో తడిపిన పువ్వొత్తి వేసి వెలిగించినా సరే, అది కూడా పళ్లెంలోనే. పాలూ పసుపునీళ్లూ వేళ్ల మీద గుమ్మరించకండి. ఇంటి నుంచి ఒక బిందెడు మంచినీళ్లు తీసుకెళ్లి మొదట్లో నిదానంగా పోయండి, పిల్లల చేత పోయించండి, పోస్తూ ఆ శ్లోకం చెప్పించండి. విస్తళ్లు ఆ తర్వాతే వెయ్యండి.