ఒకటో తారీఖు దాటాక

నెలాఖరున మా చెల్లెలిని బండి మీద బ్యాంకుకు తీసుకువెళ్లడం కొంతకాలంగా నా పనుల్లో ఒకటైంది. తను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకురాలు. ఊళ్లో మాత్రం అందరికీ ‘వెల్ఫేర్ మేడమ్’. మర్నాడు పంచవలసిన పింఛన్ల సొమ్ము సంచీలో పెట్టుకుని వెనక కూర్చున్నంతసేపూ నోరు విప్పదు. యాభై మందికి 4,000 చొప్పున లెక్కేసినా 2 లక్షలు. ఎక్కడైనా నోటు తగ్గితే తన జీతంలోంచి పూడ్చుకోవలసిందే.

2024 మార్చి దాకా ఈ పని యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ఉన్న వాలంటీర్లది. ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వారిని పంపిణీ నుంచి తప్పించింది. ప్రభుత్వం మారాక, 2024 జులై 1న, పెంచిన పింఛనును అంతకు ముందు మూడు నెలల పెంపు బకాయితో కలిపి 7,000 రూపాయలుగా సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ తిరిగి ఇచ్చారు. అప్పటి నుంచి అదే పద్ధతి సాగుతోంది. మంచాన పడిన ముసలివారికి గుమ్మంలోనే డబ్బు అందడం ఎంతో మేలైన ఏర్పాటు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వాలంటీర్లు చేసినది పంపిణీ ఒక్కటే కాదు. కాగితాలు రాసిపెట్టడం, ఆధార్‌లో తప్పు ఎక్కడుందో చూసి చెప్పడం, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కబురు చేయడం కూడా వారి పనే. అదంతా ఇప్పుడు రెండో తారీఖున సచివాలయం మెట్లెక్కి వస్తోంది.

ఆ సచివాలయం పాత పంచాయతీ ఆఫీసులోని రెండు గదులే. ఒకటి సర్పంచ్‌కూ కార్యదర్శికీ పోగా, రెండోదానిలో సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, మా చెల్లెలు నాలుగు బల్లలు ఆనించుకుని కూర్చుంటారు. ఒంటరి మహిళ పింఛను కోసం వచ్చిన ఆవిడ, మొగుడు ఎప్పుడు వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో, పొలం కొలతల కోసం వచ్చి పక్క బల్ల దగ్గర నిలబడ్డ సొంత మరిది వింటుండగా చెప్పుకోవలసి వచ్చిందట. ఆవిడ సగం చెప్పి లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. 2025 ఆగస్టులో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు వచ్చినప్పుడు, మెట్లెక్కలేని వారి కోసం తనే కుర్చీ తెచ్చుకుని వేపచెట్టు కింద కూర్చుంది. ఆడ ఉద్యోగులకు మరుగుదొడ్డి కావాలంటే ఎదురింటి తలుపు తట్టాలి. గది ఇరుకంటే ఉద్యోగుల సుఖం గురించి అనుకుంటారు గానీ, సంక్షేమానికి సంబంధించిన పనిలో ఒక మనిషి గుట్టుగా నోరు విప్పే చోటు కూడా పనిముట్టే.

సిబ్బంది విషయంలో ప్రభుత్వం లెక్క వేయలేదని చెప్పలేను. 2025లో హేతుబద్ధీకరణ పేరుతో 2,500 జనాభా వరకు ఉన్న సచివాలయానికి ఆరుగురిని, 3,500 వరకు ఏడుగురిని, అంతకు మించితే ఎనిమిది మందిని నిర్ణయించారు. నాకు నచ్చనిది కొలబద్ద. రెండువేల జనాభాలో వలస పోగా మిగిలినవారు ఎక్కువమంది ముసలివారైన ఊరికీ, కుర్రకారు నిండుగా ఉన్న ఊరికీ సంక్షేమ పని సమానంగా ఎలా ఉంటుంది?

ఇక చోటు కొరత ఈనాటిది కాదు. 2019 అక్టోబరు 2న వ్యవస్థ మొదలైంది, భవనాలు తర్వాత తీరిగ్గా మొదలయ్యాయి. స్థలం దొరకక కొన్నిచోట్ల బడి ఆవరణలోనే కట్టబోతే, హైకోర్టు 2020లో వద్దన్నది. ఆ ఆదేశం అమలు కాకపోవడంతో 2022 మార్చిలో ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జైలు శిక్ష విధించి, వారు క్షమాపణ కోరాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని మార్చింది. సచివాలయాల గోడలకు వేసిన అప్పటి అధికార పార్టీ రంగుల మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా నడిచింది. ఆ గోడల మధ్య ఎన్ని బల్లలు పడతాయని ఎవరైనా అడిగినట్టు మాత్రం నేను వినలేదు.

మొన్న ఆదివారం మా చెల్లెలు అమ్మను పాత నూలు చీర ఒకటి అడిగింది, తన బల్లకు అడ్డంగా తెర కట్టుకోవడానికట. మేకులు కొట్టడానికి నేనే వెళ్లాను. గోడ పెళుసుగా ఉండి ఒక మేకు నిలవలేదు. ఆ కొసను బీరువా పిడికి కట్టి వచ్చాను.