ఆర్ నంబర్లు పోయాక

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్‌ని మా టీమ్ సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మార్చిన వారమే టెస్టింగ్ చూసే మేడమ్ ఫోన్ చేశారు. బగ్ ఏ బిల్డ్‌లో, అంటే ఆ కోడ్ నుంచి తయారైన ఏ యాప్‌లో, వచ్చిందో చెప్పడానికి హ్యాష్ (గిట్ ఒక్కో మార్పుకి ఇచ్చే గుర్తు) చదువుతున్నారు.

"బీ, ఏడు, డీ..."

"బీనా, డీనా అండీ?"

"డీ... కాదు, ఈ."

ఏడక్షరాలు రాసుకోవడానికి మూడుసార్లు చదివించుకున్నాను. అంతకుముందు సబ్‌వర్షన్ రివిజన్ నంబర్‌తో "ఆర్ 11840లో బాగుంది, 11852లో పోయింది" అంటే చాలు, వెతకాల్సినవి 12 కమిట్లకు (నమోదు చేసిన మార్పులకు) మించవని ఇద్దరికీ తెలిసిపోయేది. "పాత నంబర్లు ఇక రావా?" అని ఆవిడ అడిగితే నిజంగా బాధేసింది.

సబ్‌వర్షన్‌లో సర్వర్ ఒక్కటే కాబట్టి బ్యాంకులో టోకెన్ ఇచ్చినట్టు వరసగా నంబర్ ఇస్తుంది. గిట్‌లో ప్రతి లాప్‌టాప్‌లోనూ చరిత్ర మొత్తం ఉంటుంది, నెట్ లేకుండా రైల్లో కూర్చుని కూడా కమిట్ చేయొచ్చు. అలాంటప్పుడు తర్వాతి నంబర్ ఎవరిదో తేల్చేవాళ్ళు ఉండరు. అందుకే కమిట్‌లో ఉన్నదాన్ని బట్టే 40 అక్షరాల హ్యాష్ కడుతుంది. మెర్క్యూరియల్ అనే అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ నంబర్లు చూపిస్తుంది గానీ అవి ఆ క్లోన్ (ఆ లాప్‌టాప్‌లోని కాపీ) వరకే. నా దగ్గర 512 మీ దగ్గర ఇంకో కమిట్ కావచ్చు.

సరే, కమిట్లు లెక్కపెట్టి ఆ అంకెనే యాప్ వెర్షన్ కోడ్‌గా (ఏ బిల్డ్ కొత్తదో ఆండ్రాయిడ్ చూసుకునే అంకెగా) పెడదామనుకుని గిట్‌లోని రెవ్-లిస్ట్ కౌంట్ కమాండ్ వాడాను. 7406 వచ్చింది. మేడమ్ ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాలే కాలేదు. పాత ఆర్ నంబర్ రిపాజిటరీ (కోడ్ నిల్వ)లోని బ్రాంచ్‌లన్నిటికీ, అంటే విడివిడిగా సాగే పని దారులన్నిటికీ, కలిపి పెరిగింది, నాది మెయిన్ లైన్ లెక్క మాత్రమే. ఉన్నదానికన్నా చిన్న కోడ్ వస్తే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. 12000 కలిపితే 19406 అయింది, ఎక్కింది. మర్నాడు బిల్డ్ మెషిన్ నుంచి వచ్చినదానికి 12001! డిస్క్ కలిసొస్తుందని అది ఆఖరి కమిట్ ఒక్కటే దించుకుంటోంది, కాబట్టి దాని లెక్క ఒకటి. అది కనిపెట్టేసరికి సాయంత్రమైంది, ఆ రోజంతా టెన్షనే.

తర్వాత రెండు బ్రాంచ్‌ల మీద రెండు వేరే బిల్డ్‌లకి ఒకే నంబర్ పడింది. అప్పుడు కూర్చుని గట్టిగా నిర్ణయించుకున్నాం. నంబర్ మెయిన్ బ్రాంచ్‌కే, ఇచ్చేది బిల్డ్ మెషిన్ ఒక్కటే, అదీ పూర్తి చరిత్ర దించుకుని. లెక్క ఫస్ట్-పేరెంట్ దారిలోనే, అంటే ఒక బ్రాంచ్‌ని మెయిన్‌లో కలిపితే (మెర్జ్), అందులో ఎన్ని కమిట్లున్నా ఒక్క అంకె. మెయిన్ మీద ఫోర్స్ పుష్ (ఉన్న చరిత్రను తిరగరాయడం) మూసేశాం, లేకపోతే లెక్క వెనక్కి పోవచ్చు. యాప్ అబౌట్ స్క్రీన్‌లో నంబర్ పక్కనే హ్యాష్ కూడా ఉంటుంది. నోటితో నంబర్ చెప్పుకుంటాం, బగ్ షీట్‌లో హ్యాష్ పేస్ట్ చేస్తాం.

పాత నంబర్లూ ఎక్కడికీ పోలేదు. సబ్‌వర్షన్ చరిత్రను గిట్‌లోకి తెచ్చే గిట్-ఎస్‌వీఎన్ టూల్‌తో తెచ్చుకున్న ప్రతి కమిట్ మెసేజ్ అడుగున ఒక లైన్‌లో ఆ ఆర్ నంబర్ ఉంది. మొన్న మేడమ్ పాత షీట్ తీసి 6211 అడిగారు. కమిట్ల లాగ్‌లో గ్రెప్ చేసి (వెతికి), ఆవిడ లైన్‌లో ఉండగానే ఆ కమిట్ తెరిచాను.